పుచ్చిన దుంగని తగలబెట్టే ముందు: కిరీటం కందిరీగని పట్టి చూడటం ఎలా

జీడిపిక్కల ఏరుడు మే నెలాఖరుకి ఒక కొలిక్కి వస్తుంది. ఆ తర్వాత ఉద్దానంలోనైనా, విజయనగరం వైపు మెట్టల్లోనైనా తోటల్లో పని ఒకటే. ఎండిన కొమ్మలు కొట్టాలి, చచ్చిన చెట్లు తీసేయాలి. పురుగు పట్టి చచ్చిన మానుని తోటలో ఉంచొద్దని ఉద్యానశాఖ వాళ్లు చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం. ఉంచితే లోపలి పెంకుపురుగులు బయటికొచ్చి పక్క చెట్టుకి గుడ్లు పెడతాయి. కాకపోతే ఆ మంటలో పురుగుతో పాటు, ఆ పురుగుని తిని బతికే ప్రాణి కూడా బూడిదైపోతుంది. రెండు మూడు దుంగలు పక్కన పెట్టి, ఒక పాత పెయింటు బకెట్టు సంపాదిస్తే మీ తోటలో అలాంటి ప్రాణులు ఏమేం ఉన్నాయో కళ్లతో చూడొచ్చు. ఖర్చు పెద్దగా ఉండదు. ఓపిక మాత్రం కావాలి.

ఎవరి కోసం వెతుకుతున్నాం

కర్రని తొలిచే పురుగుల మీద పడే కందిరీగలు చాలా రకాలు. వాటిలో స్టెఫానిడే అనే కుటుంబానికి ఇదే ప్రధానమైన బతుకుతెరువు. ప్రపంచం మొత్తం మీద 350 దాకా జాతులున్నాయి, ఎక్కువ భాగం మనలాంటి వేడి దేశాల్లోనివే. ఫీనాటోపస్, మెగిస్కస్, పారాస్టెఫానెల్లస్ అనే ప్రజాతులు మన దేశంలోనూ ఉన్నాయి. తల మీద చిన్న చిన్న ముళ్లు గుండ్రంగా నిలబడి ఉంటాయి కాబట్టి ఇంగ్లిష్‌లో క్రౌన్ వాస్ప్ అంటారు. ఇక్కడ కిరీటం కందిరీగ అనే రాస్తాను.

ఆడది ఎండిన మాను మీద మెల్లగా నడుస్తూ, మీసాలతో బెరడుని తడుముతూ పోతుంది. వెనక కాళ్లలో మోకాలి కింది భాగం ఉబ్బి ఉంటుంది. కర్ర లోపల పురుగు కొరుకుతున్నప్పుడు పుట్టే అదురుని ఆ కాళ్లతోనే పసిగడుతుందని వీటిని పరిశీలించిన శాస్త్రవేత్తల అభిప్రాయం. చోటు కుదిరాక పొట్ట పైకెత్తి, గుర్రపు వెంట్రుకంత సన్నటి గొట్టాన్ని కర్రలోకి దించుతుంది. అంత సన్నటిది గట్టి కర్రలోకి ఎలా దిగుతుందో దగ్గర నుంచి చూసినా సరిగ్గా అంతుపట్టదు. పురుగుని కదలకుండా చేసి, దాని దగ్గర గుడ్డు పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ పురుగుని బయట నుంచే తిని, అదే సొరంగంలో పెద్దదై, కర్ర కొరుక్కుని బయటికొస్తుంది. ఒక పురుగు మీద ఒక్క కందిరీగే పెరుగుతుంది. పొడవాటి మీసాల పెంకుపురుగులు, పెంకు తళతళలాడే జువెల్ బీటిల్స్, వీటి పిల్లలే దీనికి ఎక్కువగా తిండి.

ఒక మాట ముందే చెప్పేస్తాను. ఇది మీ జీడితోటని కాపాడేస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. జీడి మొదలుని తొలిచే పురుగు బతికున్న చెట్టులో, నేలకి దగ్గరగా చేరి వేర్లలోకి దిగిపోతుంది. కిరీటం కందిరీగ ఎక్కువగా తిరిగేది ఎండిన, ఎండుతున్న మానుల మీద. చెట్టు మొదట్లో బంక, దాంతో పాటు నమిలిన పొట్టు కనబడితే ఉలి పట్టుకుని పురుగుని మీరే బయటికి తీయాలి. కందిరీగ వస్తుందని కూర్చుంటే చెట్టు పోతుంది. మరి ఈ తంతంతా ఎందుకంటారా? ఎండు కర్రలో పెరిగే పురుగుల సంఖ్యకి పగ్గం వేసేవి ఇలాంటి కందిరీగలే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరి చెట్లు లెక్కలేనన్ని పడిపోయాయి. అంత ఎండు కర్ర ఒక్కసారిగా నేల మీద పడితే తొలిచే పురుగులకి పండగే. అలాంటప్పుడు వాటి వెనక పడే వాళ్లు తోటలో మిగిలి ఉండాలి కదా.

దుంగ ఎంపిక

సగం ఫలితం ఇక్కడే తేలిపోతుంది. చాలామంది బాగా రంధ్రాలున్న దుంగని తెచ్చుకుంటారు. అది ఖాళీ ఇల్లు. రంధ్రం అంచులు నల్లబడి, నునుపుదేలి, లోపల సాలీడు గూడు కట్టిందంటే అద్దెకున్న వాళ్లు వెళ్లిపోయి చాలా కాలమైందని అర్థం. మీకు కావాల్సింది రంధ్రాలు తక్కువగా ఉండి, లోపల ఇంకా కాపురం నడుస్తున్న దుంగ.

దాన్ని పట్టుకోవడం ఎలాగంటే, ముందు బెరడు చూడండి. ఎండినా ఇంకా అంటుకునే ఉండాలి. కత్తి మొనతో ఒక మూల పైకి లేపండి. లోపల లేత రంగు పొట్టు తాజాగా ఉంటే పురుగు ఉన్నట్టే. పొట్టు ముతకగా, పీచులు పీచులుగా ఉంటే పొడవాటి మీసాల పెంకుపురుగు పని. మెత్తటి పొడి గట్టిగా దట్టించినట్టు ఉండి, సొరంగం వెడల్పుగా చదునుగా ఉంటే జువెల్ బీటిల్ పని. బయటికొచ్చిన రంధ్రాల్లోనూ ఆ తేడా కనబడుతుంది. మొదటిది గుండ్రంగానో కోడిగుడ్డు ఆకారంలోనో ఉంటుంది. రెండోది చదునుగా, కొన్నిసార్లు ఒకవైపు కోసేసినట్టు అర్ధచంద్రంలా ఉంటుంది. వీటి మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సన్నటి గుండ్రటి రంధ్రం కనిపించిందా, సంతోషించండి. అది చాలావరకు కందిరీగ బయటపడిన దారే అయ్యుంటుంది.

ఇంకో పరీక్ష రాత్రిపూట చేసేది. దుంగని ఇంట్లో నేల మీద పెట్టి, ఫ్యాను ఆపి, చెవి ఆనించండి. లోపల పురుగు పెద్దదైతే కిర్రు కిర్రుమని కొరుకుడు వినబడుతుంది. ఒకసారి విన్నాక మళ్లీ మర్చిపోరు.

చెదపట్టిన దుంగ వద్దు. మట్టి పూత కనబడితే వదిలేయండి. తుమ్మెదలు తొలిచిన వాసాలు కూడా వద్దు. వేలు దూరేంత నున్నటి గుండ్రటి కన్నం ఉంటే అది తుమ్మెద గూడే.

ఏ చెట్టు తీసుకోవాలి? జీడి, మామిడి రెండూ మంచివే. విజయనగరం మామిడి తోటల్లో బూడిద రంగు పెంకుపురుగు ఒకటుంటుంది. పేరు బాటోసెరా రూఫోమాక్యులేటా, అయిదు సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మెడ మీద రెండు నారింజ మచ్చలుంటాయి. దాని పిల్ల పురుగు మీ బొటనవేలంత లావుంటుంది. సరుగుడు, నీలగిరి, తుమ్మ కొమ్మలు కూడా తెచ్చుకోండి. చేతి మణికట్టు లావు నుంచి తొడ లావు వరకు, అడుగు పొడవు ముక్కలుగా కోయించండి. ఒక్కో బకెట్టులో ఒక్క చెట్టు కర్రే వేయాలి. జీడి, మామిడి కలిపేస్తే వచ్చిన కందిరీగ దేన్లోంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు.

బకెట్టు తయారీ

ఇరవై లీటర్ల పెయింటు బకెట్టు, మూత పోకుండా ఉన్నది, పెయింటర్ల దగ్గర అడిగితే దొరుకుతుంది. శుభ్రంగా కడిగి వాసన పోయేదాకా ఎండబెట్టండి. పైఅంచుకి నాలుగు వేళ్ల కిందగా పక్క గోడకి ఒక కన్నం చేయండి. అరలీటరు నీళ్ల సీసా మూతి అందులో బిగుతుగా దూరాలి. సీసా బయటికి పొడుచుకుని, కాస్త పైకి వాలి ఉండాలి, మూతి మాత్రం బకెట్టు లోపల. దీని వెనక లెక్క చాలా తేలిక. లోపలంతా చీకటి, వెలుతురొచ్చే దారి ఒక్కటే. కర్రలోంచి బయటపడిన రెక్కల పురుగు వెలుతురు వైపు పోతుంది, సీసాలో చేరుతుంది. మీరు బకెట్టు తెరవక్కర్లేదు.

మూతకి అరచేతి వెడల్పున కిటికీ కోసి, స్టీలు దోమల మెష్ అతికించండి. ప్లాస్టిక్ మెష్ వద్దు, పెంకుపురుగు దవడలకి అది ఆగదు. ఆ కిటికీ మీద నల్లగుడ్డ వదులుగా కప్పండి. గాలి ఆడాలి, వెలుతురు మాత్రం రాకూడదు. బకెట్టు తెల్లదైతే చుట్టూ గోనెసంచి చుట్టేయండి. అడుగున రెండంగుళాల పొడి ఇసుక పోసి, దాని మీద ఇటుక ముక్కలు, వాటి మీద దుంగలు పెట్టాలి. దుంగ ఇసుకకి తగిలితే ఆ చివర బూజు పడుతుంది.

దుంగల కోసిన చివరలకి కరిగించిన కొవ్వొత్తి మైనం పూయడం మర్చిపోకండి. లేదంటే కర్ర ఊరికే ఎండిపోయి లోపలి పురుగు, దాంతో పాటు కందిరీగ పిల్ల, రెండూ ముడుచుకుపోతాయి. బెరడు మీద మాత్రం మైనం పడనీయకండి.

బకెట్టు ఎక్కడ పెట్టాలన్నదే అసలు తలనొప్పి. ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది. ఆరుబయట పెడితే వాన. వెనక వసారాలో, చూరు కింద, పొద్దుటి వెలుతురు సీసా మీద పడేలా పెట్టడం మంచిది. చీమలు వదిలిపెట్టవు. నాలుగు కాళ్ల స్టూలు మీద బకెట్టు పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు ఉంచండి. ఇంట్లో పెద్దవాళ్లు గోల చేస్తే చేయనీయండి. మా పక్క తోటాయన చూసి, "ఏటి బాబూ, చచ్చిపోయిన మానుకి కాపలా కాస్తన్నావేటి?" అన్నాడు. ఇప్పుడు తన దుంగలు కూడా తెచ్చి పడేస్తున్నాడు.

కాపలా

రోజూ సాయంత్రం ఒకసారి సీసా చూడండి. ఏప్రిల్, మే నెలల్లో ఒక రోజు వదిలేసినా లోపల చిక్కుకున్నది ఎండి రాలిపోతుంది. సీసాలో నలిపిన కాగితం ముక్క ఒకటి పెడితే కాళ్లకి పట్టు దొరుకుతుంది, ఒకదాన్నొకటి తొక్కుకోవు. దుంగ బాగా ఎండినట్టు అనిపిస్తే మెష్ మీంచి వారానికి ఓసారి కాసిని నీళ్లు చిలకరించండి. తెల్ల బూజు కనబడితే నీళ్లు ఆపి, గుడ్డ తీసి ఒక పూట ఆరనివ్వండి.

మొదట్లో వచ్చేవి మిమ్మల్ని నిరాశపెడతాయి. ఈగలు, పిండిలా పొట్టు రాల్చే చిన్న చిన్న పెంకుపురుగులు, ఎక్కడి నుంచో దూరిన సాలీళ్లు. కానివ్వండి. జీడి మొదలు పురుగు పిల్ల దశే ఆరేడు నెలలు, ఆ తర్వాత సుద్దలాంటి తెల్లటి గట్టి గూడు కట్టుకుని రెండు మూడు నెలలు అందులో ఉంటుంది. ఆ లెక్కన దుంగని కనీసం ఏడాది పాటు ఉంచాలి. నెల రోజులు చూసి ఏమీ రాలేదని పొయ్యిలో పెట్టే వాళ్లే ఎక్కువ.

బకెట్టు కట్టే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. ఊళ్లో కర్రల అడితి ఉంటే, పొద్దు కాస్త ఎక్కాక వెళ్లి, ఎండ పడుతున్న దుంగల మీద చూపు నిలపండి. బెరడు మీద నెమ్మదిగా నడిచే సన్నటి నల్ల కందిరీగ, వెనక పొడవాటి దారంలాంటి గొట్టం కనబడితే కదలకుండా నిలబడి చూడండి. గొట్టం దించడం మొదలుపెట్టాక అది తొందరగా కదలదు. ఫోన్ దగ్గరగా పెట్టి ఫొటోలు, వీడియోలు తీసుకోవచ్చు.

గుర్తుపట్టడం

సీసాలో పొడవాటి తోకున్న ప్రతిదీ కిరీటం కందిరీగ కాదు. కర్రలోంచి బ్రాకోనిడే, ఇక్న్యుమోనిడే కుటుంబాల కందిరీగలు కూడా వస్తాయి, వాటికీ పొడవైన గొట్టాలుంటాయి. తేడా తెలియాలంటే పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం కావాలి. గడియారాలు బాగుచేసే వాళ్లు కంటికి పెట్టుకునేదైనా పనికొస్తుంది. సీసాని పావుగంట ఫ్రిజ్‌లో పెడితే పురుగు మందగిస్తుంది, తీరిగ్గా చూడొచ్చు.

ముందు తల చూడండి. బంతిలా గుండ్రంగా, ముందుకు సాగిన మెడ చివర నిలబడి ఉంటుంది. నడినెత్తిన మూడు చిన్న కళ్లుంటాయి, కందిరీగలన్నిటికీ దాదాపు ఉండేవే. ముందు కన్ను చుట్టూ చిన్న ముళ్లు లేచి ఉన్నాయా? మామూలుగా అయిదు. అవి ఉంటే సగం పని అయిపోయింది. తర్వాత వెనక కాళ్లు. తొడ లావుగా ఉబ్బి, దాని అడుగున రెండో మూడో పెద్ద పళ్లు స్పష్టంగా కనబడాలి. ముళ్లు, పళ్లు రెండూ ఉన్నాయంటే ఇక అనుమానం అక్కర్లేదు. రంగు నమ్మకండి, నల్లవీ ఉంటాయి, ఎర్రమట్టి రంగువీ ఉంటాయి. కొన్నింటికి గొట్టం చివర దగ్గర తెల్ల పట్టీ ఉంటుంది. సైజు అసలే నమ్మకండి. ఏ పురుగుని తిని పెరిగిందో దాన్ని బట్టి ఒకే జాతిలో ఒకటి ఇంకోదానికి రెట్టింపు ఉండొచ్చు. గొట్టం లేనివి మగవి, పారేయకండి.

తికమక పెట్టేవి రెండున్నాయి. గాస్టెరప్టిడే కందిరీగలకి కూడా మెడ సాగి, వెనక కాళ్లు ఉబ్బి ఉంటాయి. కానీ నెత్తిన ముళ్లుండవు, పొట్ట నడుము మీద బాగా ఎత్తులో అతికించినట్టు ఉంటుంది. అవి కర్ర కన్నాల్లో గూడు కట్టుకునే తేనెటీగల పిల్లల మీద పడతాయి. రెండోది ఒరుసిడే. వాటికీ నెత్తిన ముళ్లుంటాయి, అవి కూడా కర్ర పురుగుల మీదే బతుకుతాయి. అయితే వాటికి సన్నటి నడుము ఉండదు, ఒళ్లంతా ఒకే లావు. గుడ్లు పెట్టే గొట్టం బయటికి కనబడదు, ఒంట్లోనే చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఒరుసిడే దొరికితే మాత్రం అది మీ అదృష్టం, జాగ్రత్తగా దాచండి.

కుడతాయేమోనని టెన్షన్ వద్దు. ఆ పొడవాటి గొట్టం మన కోసం కాదు. అలాగని వేళ్లతో నలపకండి. కర్రలోంచే వచ్చే బెథిలిడే అనే చీమల్లాంటి చిన్న కందిరీగలు మాత్రం చురుక్కుమనిపిస్తాయి. మెత్తటి పెయింటింగ్ బ్రష్షుతో ఎత్తండి.

పెద్ద మొద్దులకి ఇనప జాలి

బకెట్టులో పట్టని మొదళ్లు తోటలో మిగిలిపోతాయి. వాటిలో బాగా పురుగు పట్టి, వేరు మొదలు తొలిచేసినవి వెంటనే తీసి తగలబెట్టాల్సిందే, దాని మీద బేరాల్లేవు. పైకొమ్మల లావుపాటి ముక్కల్ని మాత్రం ఇంకోలా చూసుకోవచ్చు. ఇల్లు కట్టే చోట ఇసుక జల్లించే ఇనప జాలి ఉంటుంది కదా, అయిదు మిల్లీమీటర్ల కన్నాలది, దాంతో పెట్టెలా కట్టి, ముక్కలు లోపల పేర్చి, అన్ని మూలలూ బైండింగ్ వైరుతో మూసేయండి. జీడి పెంకుపురుగు రెండున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల పొడవుంటుంది, ఒళ్లు లావు. ఆ కన్నంలోంచి దూరలేదు, ఇనుముని కొరకలేదు. సన్నటి కందిరీగ దూరి వెళ్లిపోతుంది. లోపల చిక్కిన పెంకుపురుగుల్ని రెండు మూడు రోజులకోసారి ఏరి సబ్బు నీళ్లలో వేయండి. చిన్న రకం పెంకుపురుగులు ఈ జాలిలోంచి తప్పించుకుంటాయి. అందుకే ముందు బకెట్టు పెట్టి మీ కర్రలో ఏ సైజువి ఉన్నాయో చూసుకోమంటున్నాను. బకెట్టులోంచి చిన్నవే ఎక్కువ వస్తుంటే జాలి సంగతి మర్చిపోయి ఆ ముక్కల్నీ కాల్చేయండి.

వదలడం, దాచడం

కందిరీగల్లో ఎక్కువ వాటిని వదిలేయాలి. పొద్దున్నే, ఎండు కొమ్మలున్న చెట్టు మీద సీసా మూతి ఆనించి పెడితే అవే నడిచి పోతాయి. మందు కొట్టిన తోటలో వదలొద్దు. మొదళ్లకి పురుగుమందు పూసిన తోటలో అయితే అసలే వద్దు, బెరడు మీద నడవడమే వీటి పని కాబట్టి ముందు పోయేవి ఇవే.

రెండు మూడింటిని మాత్రం పేరు తెలుసుకోవడానికి దాచాలి. రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టి, తర్వాత మందుల షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్ పోసిన చిన్న సీసాలో వేయండి. చీటీ పెన్సిల్‌తో రాసి లోపలే వేయాలి, పెన్ను సిరా స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఊరు, మండలం, ఏ చెట్టు కర్ర, దుంగ తెచ్చిన తేదీ, కందిరీగ బయటికొచ్చిన తేదీ. ఈ అయిదూ లేని నమూనా ఎంత అందమైనదైనా ఎవరికీ ఉపయోగపడదు.

చూపించడానికి దగ్గర్లో నైరలో వ్యవసాయ కళాశాల, ఆమదాలవలసలో కృషి విజ్ఞాన కేంద్రం ఉన్నాయి. జాతి పేరు కచ్చితంగా తేలాలంటే బెంగళూరులో పురుగుల మీదే పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, నేషనల్ బ్యూరో ఆఫ్ అగ్రికల్చరల్ ఇన్సెక్ట్ రిసోర్సెస్. ముందు స్పష్టమైన ఫొటోలు పంపి, వాళ్లు అడిగితేనే సీసా పంపండి. ఈ కుటుంబాన్ని పట్టించుకున్న వాళ్లు లేకపోలేదు. ఉత్తర అమెరికా పడమటి వైపు నుంచి ష్లెటెరెరియస్ సింక్టిపెస్ అనే కిరీటం కందిరీగని తీసుకెళ్లి, పైన్ చెట్లని చంపుతున్న సైరెక్స్ అనే కర్ర కందిరీగ మీదకి టాస్మేనియాలో వదిలారు.

ఏడాది గడిచి, వరసగా రెండు నెలలు సీసాలో ఏమీ పడకపోతే దుంగలు బయటికి తీయండి. వసారాలో పాత పంచె పరిచి, గొడ్డలితో పొడవునా చీల్చండి. సొరంగం వెంట పొట్టు దులుపుకుంటూ పోతే ఒక్కోచోట పెద్ద పురుగు తల పెంకు, ముడతలు పడి ఎండిన తోలు దొరుకుతాయి, పక్కనే సన్నటి గుండ్రటి దారి బయటికి పోతుంటుంది. కందిరీగ ఆ పురుగుని తిన్నదనడానికి అదే రుజువు. దాన్ని కూడా అదే చీటీతో ఇంకో పొడి సీసాలో వేయండి, కందిరీగ పేరు చెప్పేవాళ్లు తప్పకుండా అడుగుతారు. బతికున్న పురుగులు కనబడితే కోళ్లకి వేసేయండి. మిగిలిన కర్ర ఆ రోజే పొయ్యిలోకి.